సైక్స్‌లలో సగం మందికే ఆ తాత

మా పక్కింటాయన ఇంటిపేరు సైక్స్. ఉత్తర ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. ప్లంబర్ వ్యాను మీద సైక్స్, బేకరీ బోర్డు మీద సైక్స్, చర్చి ఆవరణలో సమాధి రాళ్ల మీద వరసపెట్టి సైక్స్. ఈయన రిటైరయ్యాక కుటుంబ చరిత్ర మీద పడ్డారు. చర్చి రిజిస్టర్లు తిరగేసి తండ్రి, తాత, ముత్తాత అంటూ 18వ శతాబ్దం దాకా వెళ్లారు. అందరూ అదే లోయలో పుట్టారు, అదే లోయలో పోయారు. అక్కడితో ఆగితే బాగుండేది. పుట్టినరోజుకి పిల్లలు డీఎన్ఏ టెస్టు కొనిపెట్టారు. గొట్టంలో ఉమ్మి పంపిస్తే కొన్నాళ్లకి జవాబొచ్చింది. సైక్స్ ఇంటిపేరున్న మగవాళ్లలో ఎక్కువగా కనబడే వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది) ఈయనది కాదట.

"అయితే నేను సైక్స్‌ని కాదన్నమాట" అన్నారు గోడ అవతల నిలబడి. నవ్వుతూనే అన్నారు గానీ ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.

ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడుతూ వస్తోంది. ఇంటిపేరంటే వంశానికి రాసిచ్చిన పట్టా అనుకోవడం ఇంగ్లీషువాళ్లకీ మనకీ ఉమ్మడిగా ఉన్న భ్రమ. ఇంటిపేరు కాస్త నమ్మకంగా చెప్పగలిగేది నేల గురించి. ఈ కుటుంబం ఏ ఊళ్ల మధ్య తిరిగింది, ఏ పని చేసుకుని బతికింది, ఎంతకాలం కదలకుండా ఉంది, ఇవీ అది చెప్పే సంగతులు. రక్తం గురించి అడిగితే సగం సగం జవాబులే వస్తాయి. దానికి సైక్స్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

48 మంది, 4 గుర్తులు

కథ 2000లో మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌లో జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్‌ది కూడా ఇదే ఇంటిపేరు. ఇంగ్లండులో ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, మరి రెండూ కలిసే నడిచాయా అని ఆయనకి అనుమానం వచ్చింది. కేథరిన్ ఇర్వెన్‌తో కలిసి సైక్స్ ఇంటిపేరున్న 48 మంది నమూనాలు చూశాడు. వై క్రోమోజోమ్ మీద నాలుగు చోట్ల పరీక్షించారు. 21 మందిలో అచ్చంగా ఒకే అమరిక కనబడింది. అదే ప్రాంతంలో వేరే ఇంటిపేర్ల వాళ్లలో వెతికితే ఆ అమరిక ఒక్కరిలోనూ లేదు.

ఇది పెద్ద వార్తే. ఎందుకంటే అప్పటిదాకా కాగితాలు చూసినవాళ్లు దీనికి ఉల్టాగా చెప్పేవారు. సైక్ అంటే ఉత్తరాది యాసలో చిత్తడి నేలలో పారే చిన్న కాలవ, చాలాచోట్ల అదే పొలాలకి హద్దు. యార్క్‌షైర్ కొండల్లో అలాంటివి అడుగడుక్కీ ఉంటాయి. కాలవ పక్క కాపురమున్నవాణ్ణి గుమాస్తా "డెల్ సైక్" అని రాసుకున్నాడంటే, అలా రాయించుకున్నవాళ్లు ఒక్కచోటే ఉండాలని ఏముంది? చాలాచోట్ల ఎవరికి వాళ్లకి విడివిడిగా ఈ పేరు పుట్టి ఉంటుందని లెక్క. ల్యాబు మాత్రం మూలపురుషుడు ఒక్కడే అంది. జనంలోకి వెళ్లింది ఆ ఒక్క ముక్కే.

నాకు మొదటినుంచీ నచ్చనిది ఇక్కడే. 48లో 21 అంటే 44 శాతం. సగం కూడా కాదు. మరి మిగతా 27 మంది ఎవరు? 700 ఏళ్లలో తరతరానికీ కాస్త కాస్త తండ్రులు మారుతూ వచ్చారనీ, అది తరానికి సగటున 1.3 శాతమనీ పరిశోధకుల వివరణ. అది నిజం కావచ్చు. కానీ ఇంకో దారి కూడా ఉంది. అసలు మొదట్లోనే నలుగురైదుగురు వేర్వేరు మనుషులు వేర్వేరు కాలవల గట్టున ఈ పేరు తెచ్చుకుని, వాళ్లలో ఒకడి సంతానం మాత్రం విపరీతంగా పెరిగి ఉంటే? ఫలితం ఇలాగే కనబడుతుంది.

ఈ రెండో దారి గాలిలోంచి వచ్చింది కాదు. ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1870లలోనే దీన్ని పట్టుకున్నాడు. గొప్ప గొప్ప కుటుంబాల పేర్లు ఎందుకు మాయమైపోతున్నాయని ఆయనకి బెంగ. హెన్రీ వాట్సన్ అనే మతాధికారి లెక్క కట్టాడు, ఇద్దరూ కలిసి 1874లో అచ్చువేశారు. దాని సారం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఒకడికి ముగ్గురు కొడుకులు పుడతారు, ఒకడికి అందరూ ఆడపిల్లలే. ఒకడికి పిల్లలే ఉండరు. ఎవడి తప్పూ లేకుండానే కొన్ని తరాలకి చాలా మగసంతతులు ఆగిపోతాయి, అదృష్టం కలిసొచ్చినవి మాత్రం ఊరంతా అల్లుకుంటాయి. 1348లో వచ్చిన ప్లేగు లాంటిది మధ్యలో పడితే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఇవాళ ఒకే వై ఎక్కువగా కనబడిందంటే ఆనాడు ఒకడే ఉన్నాడని కాదు. మిగిలింది ఒకడి సంతానమని మాత్రమే. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లలో 1,678 మంది మగవాళ్లని చూసి రాసిన పరిశోధనలో ఈ అదృష్టం పాళ్లు ఎంత పెద్దవో బాగా తేలింది.

తండ్రి మారాడంటే తప్పు జరిగిందనేనా

ఈ 1.3 శాతం అనగానే వినేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుతారు. మా పక్కింటాయన బాధలో కూడా సగం అదే. ఎవరో ఒక ముత్తవ్వని అనుమానించాల్సి రావడం.

దాని అవసరం లేదు. ఇంగ్లండులో పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకి సాధారణంగా తల్లి ఇంటిపేరు పెట్టేవారు. సైక్స్ వారి అమ్మాయికి అలా కొడుకు పుడితే వాడు సైక్సే. వాడి కొడుకులూ సైక్సే. వాళ్ల వై మాత్రం వేరే ఇంటిది. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. మొగుడు పోయినావిడ పసివాడితో మారు పెళ్లి చేసుకుంటే పిల్లాడు సవతి తండ్రి పేరుతో పెరిగేవాడు. ఆస్తి కోసం పేరు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. రచయిత్రి జేన్ ఆస్టెన్ సొంత అన్న ఎడ్వర్డ్‌ని నైట్ అనే ధనిక బంధువులు పెంచుకున్నారు. ఆస్తి చేతికొచ్చాక 1812లో ఆయన నైట్ అయిపోయాడు. ఆయన కొడుకులు, మనవలు అంతా నైట్‌లే, వై మాత్రం ఆస్టెన్‌లది.

మనవాళ్లకి ఇది విడమరిచి చెప్పాలా? శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తత వెళ్లి శ్రీరంగం వారయ్యారు. ఆయన శ్రీరంగం వారు కాదని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. మన ఇళ్లలో దత్తతకి హోమం, సాక్షులు, కాగితం ఉంటాయి కాబట్టి అది గుర్తుంటుంది. సైక్స్ కుటుంబాల్లో అలాంటి తంతు ఏదీ జరగలేదు, పేదవాళ్లు, పిల్లాణ్ణి ఎవరు చేరదీస్తే వాళ్ల పేరు. మూడు తరాలు గడిచాక ఎవరికీ గుర్తుండదు. ఈయన వై సరిపోలేదంటే అర్థం ఇదే అయ్యుండొచ్చు. లేదా ఈయన పూర్వీకుడు ఇంకో కాలవ గట్టువాడు. ఈ రెంటిలో ఏదో టెస్టు చెప్పదు.

రైతుల్నే లెక్కపెట్టినవాడు

మరి నేల సంగతి. ఇంగ్లండు ఇంటిపేర్లు ఏ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయని పనిగట్టుకుని కూర్చున్న మొదటివాళ్లలో హెన్రీ గప్పీ ఒకడు. నౌకాదళంలో డాక్టరు. 1890లో ఆయన వేసిన పుస్తకంలో ఒక తెలివైన పని చేశాడు. పట్నాలు వదిలేశాడు, రైతుల పేర్లే తీసుకున్నాడు. పట్నంలో నలుదిక్కుల జనం ఉంటారు. రైతు మాత్రం పొలం వదిలి ఎక్కడికి పోతాడు? రైతుల్ని చూస్తే పేరు సొంతూరు తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఇప్పుడు అంత కష్టం లేదు. 1881 జనాభా లెక్కల్లో ప్రతి మనిషి పేరూ కంప్యూటర్‌కెక్కింది, ఏ ఇంటిపేరుకైనా మ్యాపు గీసుకోవచ్చు. స్మిత్ కొట్టండి, దేశమంతా రంగే. ఊరికో కమ్మరి ఉన్న దేశంలో అంతకన్నా ఏముంటుంది. 1850లలోనే అక్కడి రిజిస్ట్రార్ జనరల్ 73 మందికి ఒకరు స్మిత్ అని లెక్క తేల్చాడు. మన బ్రౌన్ దొరదీ ఇదే కథ, వేమన పద్యాల బ్రౌన్ ఎక్కడివాడో ఆ పేరును బట్టి ఎవరూ చెప్పలేరు. కాటన్ దొర పేరు కొంచెం నయం. అది ఊరి పేరు, దానికీ బట్టల పత్తికీ సంబంధం లేదు, కానీ అలాంటి పేరున్న ఊళ్లు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. ఆయన కుటుంబం మాత్రం చెషైర్‌లో కాంబర్‌మియర్ కాటన్‌లు.

సైక్స్ కొడితే మ్యాపు వేరేలా ఉంటుంది. యార్క్‌షైర్ పశ్చిమ భాగం, అందులోనూ హడర్స్‌ఫీల్డ్ నుంచి పైకి పోయే కోల్న్ లోయ చిక్కటి రంగు. దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. దక్షిణాదిన దాదాపు లేనట్టే. రైళ్లొచ్చి, మిల్లులొచ్చి, జనం పొట్ట చేతపట్టుకుని తిరిగిన కాలం తర్వాత తీసిన లెక్క ఇది. అయినా పేరు ఆ కొండల్నే అంటిపెట్టుకుని ఉంది.

ఎందుకని? నాకు బాగా నచ్చిన జవాబు మగ్గం. ఆ కొండల్లో నేల చెడ్డది, వాన ఎక్కువ, నాలుగెకరాలతో ఎవడూ బతకలేడు. కానీ నాలుగెకరాలు, రెండావులు, మేడ మీద ఒక ఉన్ని మగ్గం ఉంటే బతకొచ్చు. గోల్కార్ అనే ఊళ్లో ఆ నేతగాళ్ల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, కొన్నిటిని కలిపి మ్యూజియం చేశారు. బయటినుంచి చూస్తే కింది అంతస్తు మామూలు రాతి ఇల్లు. పై అంతస్తులో మాత్రం గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నని రాతి కమ్మీల మధ్య కిటికీలే కిటికీలు. మగ్గానికి వెలుతురు కావాలి మరి. లోపల నిలబడితే మేఘం పట్టిన రోజు కూడా నూలు పోగు కనబడుతుంది. నేసిన తాను భుజాన వేసుకుని హడర్స్‌ఫీల్డ్‌కి నడిచేవారు. 1766లో అక్కడ దానికోసమే బట్టల హాలు కట్టారు.

ఈ ఏర్పాటులో కొడుకులు ఊరు విడవక్కర్లేదు. ఉన్న నాలుగెకరాలు పంచినా ఇంకో మగ్గం వేసుకుంటే సరి. వట్టి వ్యవసాయం మీద బతికే ఊళ్లలో చిన్న కొడుకులు వలసపోయి పేరు చెల్లాచెదరైతే, ఇక్కడ పేరు ఉన్నచోటే గుట్టపడింది. గాల్టన్ చెప్పిన అదృష్టానికి కూడు పెట్టింది ఈ మగ్గమే. కాబట్టి సైక్స్ అనే పేరు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకి నా జవాబు ఒక తాతా కాదు, ఒక కాలవా కాదు. ఆ కిటికీల వరస.

అక్కడివాళ్లకి ఆ పేరు ఎంత గుట్టపడిందంటే దాంతో పని జరగడం మానేసింది. అందరూ సైక్స్‌లే అయితే ఏ సైక్స్? దాంతో ఆ కొండల్లో వేరే పేర్లు వాడేవారు, ఫలానా జాక్ కొడుకు బిల్, వాడి కొడుకు టామ్ అంటూ. పక్కనున్న శాడిల్‌వర్త్‌లో 1832లో విలియం బ్రాడ్‌బరీ అనే ముసలాయన్నీ కొడుకునీ హత్య చేశారు. వాళ్లు నడిపిన సారాయి సత్రాన్ని జనం పిలిచింది "బిల్స్ ఓ జాక్స్" అని. బ్రాడ్‌బరీ అంటే అక్కడ ఎవరో తెలియదు, ఆ పేరు వాళ్లు అంతమంది. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు వాళ్లు వీధంతా ఉంటే బావి దగ్గర వెంకయ్య, మేడింటి వెంకయ్య అనుకోమూ? అదే.

నా వాదనకి అడ్డొచ్చేవి

రక్తాన్ని నేను మరీ తీసిపారేస్తున్నానని అనిపిస్తుంది కొన్నిసార్లు. ఆ లెస్టర్ పరిశోధనలోనే అటెన్‌బరో అనే అరుదైన ఇంటిపేరు ఉంది. ఆ పేరున్న మగవాళ్లలో దాదాపు 87 శాతం మందిది ఒకే వై. ఇది చిన్న విషయం కాదు. అదే బృందం 2006లో 150 జతల మగవాళ్లని చూసింది, జతలో ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. పేరు ఎంత అరుదైతే వై కలిసే అవకాశం అంత ఎక్కువని తేలింది. నేరం జరిగినచోట దొరికిన డీఎన్ఏ నుంచి నేరస్తుడి ఇంటిపేరు ఊహించవచ్చని కూడా ప్రతిపాదించారు. రక్తానికీ పేరుకీ ఏ బంధమూ లేకపోతే ఈ మాట అనేవారే కాదు.

ఒప్పుకుంటాను. అయితే అది గుంపు మీద పనిచేసే నిజం. వెయ్యి మంది అటెన్‌బరోలని నిలబెడితే నిజం, గోడ పక్కన నిలబడ్డ ఒక్క మనిషి దగ్గరికొస్తే అది పందెం. రాజవంశాలకే దిక్కు లేదు. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి. కాగితాల ప్రకారం మగసంతతిలో ఆయనకి బంధువులైన అయిదుగురు సోమర్‌సెట్ వంశస్తుల్ని పరీక్షించి 2014లో ఫలితం చెప్పారు. రాజుగారి వై వాళ్లెవరితోనూ కలవలేదు. అది చాలదన్నట్టు ఆ అయిదుగురిలో ఒకరిది మిగతా నలుగురితో కూడా కలవలేదు. ప్రతి పుట్టుకా రాసిపెట్టుకున్న కుటుంబం సంగతి ఇది.

మ్యాపు మాత్రం అబద్ధం చెప్పదా అంటే చెబుతుంది. ప్రపంచానికి తెలిసిన సైక్స్ ఎవరు? 1916లో ఫ్రాన్స్‌తో కలిసి అరబ్బు దేశాల మీద గీత గీసిన మార్క్ సైక్స్. ఆయన కోటలాంటి ఇల్లు స్లెడ్‌మియర్‌లో, అది యార్క్‌షైర్ తూర్పున, మగ్గాల కొండలకి చాలా దూరం. లీడ్స్‌లో, ఆ తర్వాత హల్ రేవులో వర్తకం చేసి భూములు కొన్న కుటుంబం, అంతకుముందు కంబర్లాండ్ నుంచి వచ్చామని చెప్పుకునేవారు. మ్యాపు చూసి వాళ్లని కోల్న్ లోయలో కలిపేస్తే తప్పే. అయినా ఈ తప్పు పట్టుకోవచ్చు, కాగితాలున్నాయి, దారి కనబడుతుంది. ముత్తవ్వల తప్పులు పట్టుకోలేం, పట్టుకోవాలని చూడటం నాకు మర్యాదగా కూడా అనిపించదు.

మేనరికం దగ్గర బోల్తా

ఇంటిపేరును రక్తానికి కొలబద్ద చేసినవాళ్లలో డార్విన్ కొడుకు జార్జ్ కూడా ఉన్నాడు. డార్విన్ పెళ్లాడింది సొంత మేనమామ కూతురు ఎమ్మాని, పిల్లల ఆరోగ్యం గురించి జీవితమంతా టెన్షనే. 1871 జనాభా లెక్కల్లో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల గురించి ఒక ప్రశ్న పెట్టించాలని చూశాడు, పార్లమెంటు ఒప్పుకోలేదు. అప్పుడు కొడుకు ఒక ఉపాయం పన్నాడు. పెళ్లికి ముందే వధూవరులిద్దరిదీ ఒకే ఇంటిపేరు అయిన పెళ్లిళ్లు లెక్కపెడితే అన్నదమ్ముల పిల్లల మధ్య జరిగిన పెళ్లిళ్లు తెలుస్తాయి, దాన్నిబట్టి మొత్తం అంచనా కట్టొచ్చు. 1875లో అచ్చయింది. తర్వాత జన్యుశాస్త్రంలో చాలామంది ఈ ఉపాయాన్ని వాడుకున్నారు.

తమాషా ఏమిటంటే ఇదే లెక్క తెచ్చి గోదావరి జిల్లాల్లో వేస్తే సున్నా వస్తుంది. మనకి ఒకే ఇంటిపేరు అంటే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి మాటే లేదు. మేనత్త కొడుకుదీ మేనమామ కూతురిదీ ఎప్పుడూ వేర్వేరు ఇంటిపేర్లే. రక్తసంబంధపు పెళ్లిళ్లు దండిగా జరిగే చోట, అసలు ఒక్కటీ జరగలేదని ఇంటిపేరు సాక్ష్యం చెబుతుంది. 1960లలో ఆంధ్రలో ఈ పెళ్లిళ్లని అధ్యయనం చేసిన ద్రోణంరాజు కృష్ణ, మీరా ఖాన్‌లకి మనుషుల్ని నేరుగా అడగడం తప్ప దారి లేకపోయింది. డార్విన్ సొంత పెళ్లి కూడా ఆయన కొడుకు ఉపాయానికి చిక్కేది కాదు, ఎమ్మా ఇంటిపేరు వెడ్జ్‌వుడ్.

ఇదంతా పక్కింటాయనకి కొంత చెప్పాను. మ్యాపు సంగతి ఆయనకి నచ్చింది. ఆ మధ్య ఎవరో షాపింగ్ మాల్లో అమ్మితే కొన్న "సైక్స్ వంశ చిహ్నం" పటం మాత్రం గోడ మీదనుంచి దించలేదు. ఇంగ్లండులో అలాంటి చిహ్నం మనిషికిస్తారు గానీ ఇంటిపేరుకివ్వరు అని వాటిని ఇచ్చే సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఎంత మొత్తుకున్నా ఆ వ్యాపారం ఆగదు.

మన ఇంటిపేర్లకి కూడా ఇలాంటి మ్యాపు ఉంటే బాగుండు అని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమే, మనవి సగానికి సగం ఊళ్ల పేర్లే, ఆ ఊరు వదిలి పక్క ఊరికి వెళ్లాకే అంటుకున్నవి. ఓటర్ల జాబితాలు ఉన్నాయి, గీయడం కష్టం కాదు. నాకే మనసొప్పడం లేదు. సైక్స్ అని చెబితే ఇంగ్లండులో ఒక లోయ తెలుస్తుంది, అంతే. మన దగ్గర ఇంటిపేరు అడిగేవాడు అడిగేది ఊరు కాదని ఇద్దరికీ తెలుసు. అద్దెకి ఇల్లు వెతుక్కున్న వాళ్లెవరినైనా అడగండి. అందుకే మా పిల్లల తరం దాన్ని ఒక్క అక్షరానికి కుదించి చుక్క పెట్టేస్తోంది. ఆ మ్యాపు వస్తే చరిత్ర చదివేవాళ్లకన్నా ముందు పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ల వాళ్లు, వాళ్ల వెనకే టికెట్లు పంచే పార్టీల వాళ్లు కొనుక్కుంటారు.